మంచినీళ్ళ చెరువు నుంచి గాజు తొట్టె దాకా

గాజు తొట్టెలో నాచు మొక్కలు నాటి చేపలు పెంచడం పట్నవాసుల సరదా అనీ, డబ్బున్నవాళ్ళ ముందుగదికి అలంకారమనీ మన జిల్లాల్లో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. పదవీ విరమణ చేసిన మన సభ్యులు కొందరు మనవళ్ళు, మనవరాళ్ళ కోరిక మీద ఈ తొట్టెలు కొంటున్నారు. కొన్న వారం పది రోజులకే చేపలు ఒకటొకటిగా తేలిపోతుంటే "మన నీళ్ళకు ఇవి బతకవండీ" అని తొట్టెను అటక ఎక్కిస్తున్నారు. నీళ్ళ మీద వేసే ఈ నింద పూర్తిగా న్యాయమైనది కాదు. ఈ తొట్టె చరిత్ర తెలిస్తే, దీని వెనక ఉన్న సూత్రం మన తాతముత్తాతలు రోజూ బిందెలతో ముంచుకున్న నీళ్ళలోనే ఉందని అర్థమవుతుంది.

పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్ట ప్రాంతంలో పుట్టి పెరిగినవారికి మంచినీళ్ళ చెరువును గురించి చెప్పనక్కరలేదు. ఊళ్ళో బావులు చాలావరకు ఉప్పుబావులే. వాటి నీళ్ళు వాడకానికి పనికొస్తాయి గాని పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. తాగడానికి ఊరి చివర ఒక చెరువు. అందులో పశువులను దించకూడదు, బట్టలు ఉతకకూడదు. కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టా గ్రామాల చెరువులకు కాలవ నీరు అందింది. మెట్ట ఊళ్ళ చెరువులు మాత్రం 1967లో నాగార్జునసాగర్ కుడి కాలవకు నీళ్ళు వదిలేదాకా వానల మీదే ఆధారపడ్డాయి. చెరువు అడుగంటితే వాగు ఇసుకలో చెలమలు తీసి, గిన్నెతో తోడి బిందె నింపుకునేవారు.

ఆ చెరువు నీళ్ళు కొత్తనీరు వచ్చినప్పుడు బురదగా ఉండేవి. ఇంటికి తెచ్చి కుండ లోపలి అంచుకు చిల్లగింజ అరగదీస్తే తెల్లారేసరికి మడ్డి అడుక్కు దిగేది. కాని చెరువు చెరువంతా తేరుకోవడానికి చిల్లగింజ ఎవరూ వేయలేదు గదా! ఆ పని చేసింది అడుగున పెరిగే నాచు, పైన పరుచుకున్న కలువలు, తామరలు, గట్టు రాళ్ళను పట్టుకున్న నత్తలు, నీళ్ళలో తిరిగే పరిగెలు. చేపలుంటే నీళ్ళు బాగుంటాయని పెద్దలు అనేవారు. చేపలు దోమపిల్లలను తింటాయి, నిజమే. అయితే చేప మలినం ఎక్కడికి పోతుంది అన్న ప్రశ్నకు సమాధానం చెప్పడానికి శాస్త్రానికి చాలా కాలం పట్టింది. ఆ సమాధానం వెతికినవారిలో ఒక తండ్రీ కొడుకులున్నారు. ఈ వ్యాసంలో ముఖ్యంగా చెప్పదలచుకున్నది వారి సంగతే.

తండ్రి రాబర్ట్ వారింగ్టన్. లండన్‌లో మందుల తయారీదారుల సంఘంలో రసాయన శాస్త్రవేత్త. మొక్కలు ప్రాణవాయువును విడుస్తాయని, జంతువులు పీల్చుకుంటాయని అప్పటికే తెలుసు. ఈ రెంటినీ ఒకే పాత్రలో పెడితే నీళ్ళు మార్చకుండానే ఒకదానితో ఒకటి బతకగలవా అన్నది ఆయన సందేహం. 1849లో పన్నెండు గ్యాలన్ల నీటితో రెండు చిన్న బంగారు చేపలను, ఒక వాలిస్నేరియా మొక్కను కలిపి పెట్టాడు. బద్దెల్లాంటి పొడుగాటి ఆకులతో నీళ్ళ అడుగున పెరిగే ఈ మొక్క మన కాలవల్లోనూ ఉండేదే. కొన్నాళ్ళు బాగానే సాగింది. తర్వాత ఆకులు కుళ్ళి, పాకుడు పట్టి నీళ్ళు చెడిపోసాగాయి. అప్పుడాయన చెరువుల్లో నత్తలు ఏం చేస్తాయో గమనించి, అయిదారు నత్తలను తెచ్చి అందులో వేశాడు. అవి కుళ్ళిన ఆకును, పాకుడును తినేశాయి. నీళ్ళు తేటపడ్డాయి. 1850లో ఈ ఫలితాన్ని కెమికల్ సొసైటీ ముందు పెట్టాడు. ఆపైన 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో ప్రజల కోసం చేపల ఇల్లు తెరిచారు. 1854లో ఫిలిప్ గాస్ రాసిన పుస్తకంతో అక్వేరియం అన్న మాట ఇంటింటికీ ఎక్కింది. పన్నెండు గ్యాలన్లంటే దాదాపు 55 లీటర్లు. ఇవాళ బజారులో దొరికే రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టెలో పట్టేది కూడా ఇంచుమించు అంతే.

తండ్రి లెక్కలో ఒకటి మిగిలిపోయింది. నత్తలు తిన్నా, చేపలు తిన్నా మళ్ళీ మలినమే గదా! అది అమ్మోనియాగా మారుతుంది. అమ్మోనియా చేపకు విషం. మరి చేపలు ఎలా బతికాయి? ఈ ప్రశ్నకు దారి చూపిన పరిశోధన తొట్టెలో జరగలేదు, మట్టిలో జరిగింది. 1877లో పారిస్‌లో ష్లోసింగ్, మూంట్జ్ అనే ఇద్దరు మురుగునీటిని ఇసుక గుండా నెమ్మదిగా పంపి, అందులోని అమ్మోనియా నైట్రేటుగా మారడం సూక్ష్మజీవుల పనే అని తేల్చారు. ఆ వార్త అందుకుని ఇంగ్లండులోని రోథంస్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఏళ్ళ తరబడి కృషి చేసినవాడు కొడుకు వారింగ్టన్. ఆయన పేరు కూడా రాబర్టే. అమ్మోనియా మొదట నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా రెండు దశల్లో మారుతుందనీ, ఒక్కొక్క దశకు వేరు వేరు జీవులు కారణమనీ ఆయన చూపించాడు. ఆ జీవులను విడదీసి చూపిన ఖ్యాతి మాత్రం 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీకి దక్కింది. కష్టపడినవాడు ఒకరు, పేరు పొందినవాడు ఇంకొకరు కావడం మన కార్యాలయాల్లోనూ చూసిందే!

వ్యవసాయ శాఖలో పనిచేసిన మన మిత్రులకు ఇది కొత్త విషయం కాదు. పత్తి చేలో, మిరప తోటలో వేసిన యూరియా మొక్కకు అందేముందు నేలలో నడిచే దారి ఇదే. రేగడి నేలలో జరిగేదీ, మంచినీళ్ళ చెరువు అడుగున జరిగేదీ, గాజు తొట్టెలో జరిగేదీ ఒకటే పని. కొత్త తొట్టెలో ఆ సూక్ష్మజీవులు ఉండవు. అవి స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి రోజే పది చేపలు వేస్తే, వాటి అమ్మోనియా వాటినే చంపుతుంది. బజారు నుంచి తెచ్చిన చేపలు వారానికే పోవడానికి తరచు కారణం ఇదే. డి.ఎ. బకాయిల కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మనకు ఆరు వారాలు ఒక లెక్కా!

మద్రాసు సముద్రతీరంలో 1909లో అక్వేరియం తెరిచినప్పుడు మన జిల్లాలు ఆ రాజధానిలోనివే. చదువులకూ, కోర్టు పనులకూ చెన్నపట్నం వెళ్ళినవారికి అది చూడదగ్గ వింతల్లో ఒకటి. కాని అందులో ప్రధానంగా ఉన్నవి సముద్రపు చేపలు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అది మూతపడింది. చెరువు చేపను, చెరువు మొక్కను ఇంట్లో పెట్టుకునే పద్ధతి మనకు అక్కడి నుంచి రాలేదు.

ఇక మన నీళ్ళ సంగతి. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970 దాకా నెల్లూరు జిల్లాలోవి. ఆ నెల్లూరు జిల్లా నుంచే 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు మన దేశంలో ఫ్లోరైడు వ్యాధిని గురించి మొదటిసారిగా శాస్త్రీయంగా ప్రకటించారు. నడుములు బిగుసుకుపోయి, పళ్ళు గారపట్టిన మనుషులను చూసినవారికి ఆ వ్యాధి పేరు చెప్పనక్కరలేదు. బోరు నీటికీ, చెరువు నీటికీ మధ్య తేడా ఆ ఊళ్ళలో రుచికి సంబంధించిన విషయం కాదు, ఎముకలకు సంబంధించినది. చెరువు ఎండిన ఏడు బోరు నీళ్ళే గతి. చెరువును కాపాడుకోవడమంటే అందులోని నాచును, నత్తను, చేపను కూడా కాపాడుకోవడమేనన్న సంగతి మాత్రం ఏ అంచనాల్లోనూ కనిపించదు. పూడిక తీతకు క్యూబిక్ మీటర్ల లెక్క ఉంటుంది, నత్తలకు లెక్క ఉండదు.

తొట్టెకు కూడా చెరువు నీళ్ళు, కాలవ నీళ్ళు శ్రేష్ఠం. కుళాయి నీళ్ళయితే క్లోరిను పోవడానికి ఒక రోజంతా వెడల్పు పాత్రలో నిలవబెట్టాలి. బోరు నీళ్ళు తప్పకపోతే ఒక విషయం గుర్తుంచుకోవాలి. మన బోరు నీళ్ళు సాధారణంగా క్షారగుణం ఉన్నవి. పి.హెచ్. 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలోని విషపు పాలు దాదాపు పదింతలవుతుంది. కాబట్టి చేపలు ఇంకా తక్కువ వేయాలి. మొక్కల విషయంలో మాత్రం మన నీళ్ళు వరమే. వాలిస్నేరియా, హైడ్రిల్లా అనే నాచు, కఠినజలంలో ఉండే బైకార్బొనేటు నుంచి కూడా ఆహారం తయారుచేసుకోగలవు. ఆకుల మీద సున్నపు పొడిలా తెల్లగా కనిపిస్తే అది తెగులు కాదు, ఆ పని జరుగుతున్నదనడానికి గుర్తు.

అడుగున రేగడి మట్టి వేయవద్దు. ఉబ్బి, కలిగి, నీళ్ళు ఎప్పటికీ తేరవు. బాగా కడిగిన వాగు ఇసుక మూడు నాలుగు అంగుళాలు పోసి, వేళ్ళు పట్టేలా మొక్కలు నాటాలి. నేరుగా ఎండ తగలని చోట, రోజుకు ఎనిమిది గంటల దీపం చాలు. నత్తలు రెండు మూడు చాలు, వాటి సంఖ్యను అవే పెంచుకుంటాయి. ఆరు వారాల తర్వాత ఆరేడు గప్పీలు గాని, చిన్న పరిగెలు గాని వేయవచ్చు. ముద్దుగా ఉందని కొరమీను పిల్లను వేస్తే నెల తిరిగేసరికి తొట్టెలో అదొక్కటే మిగులుతుంది. రెంటచింతల ఎండలు ఎరిగినవారికి వేసవి గురించి వేరే చెప్పాలా? 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడుతుంది. 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు పడిపోతుంది. పైగా రాత్రి మొక్కలు కూడా ప్రాణవాయువును వాడుకుంటాయి. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయంటే గాలి బుడగల యంత్రం పెట్టాలి, చేపలు తగ్గించాలి.

చివరగా మందుల సంగతి. 1980ల మధ్యలో మన పత్తి చేలను తెల్లదోమ, ఆ తర్వాత శనగపచ్చ పురుగు ముంచెత్తాయి. సింథటిక్ పైరెత్రాయిడ్ మందులను విచక్షణ లేకుండా కొట్టడమూ తెల్లదోమ పెరగడానికి ఒక కారణమని శాస్త్రజ్ఞులు తేల్చారు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న సంగతి ఎవరూ మరచిపోలేదు. అదే మందు కాలవలో పడితే చేపకూ అదే గతి. పైరెత్రాయిడ్లను మన శరీరం త్వరగా విరిచేస్తుంది, చేప శరీరం విరవలేదు. లీటరు నీటిలో కొద్ది మైక్రోగ్రాములున్నా చాలు, చేప బతకదు. ఎండోసల్ఫాన్ కూడా అంతటి విషమే. దాన్ని 2011లో సుప్రీంకోర్టు నిషేధించింది. పైరెత్రాయిడ్లు ఇప్పటికీ వాడకంలో ఉన్నాయి.

అందువల్ల చేల పక్క కాలవ నుంచి నాచు తెచ్చుకునేవారు దాన్ని వెంటనే తొట్టెలో పెట్టకూడదు. వారం రోజులు బకెట్టులో ఉంచి, రోజూ నీళ్ళు మార్చి, ఆ తర్వాతనే నాటాలి. మనం దోమలకు వెలిగించే చుట్టల్లోనూ, గోడకు తగిలించే మందు సీసాల్లోనూ ఉండేవి తరచు ఈ పైరెత్రాయిడ్ కుటుంబపు మందులే. తొట్టె ఉన్న గదిలో అవి పెట్టవద్దు. తప్పనిసరైతే తొట్టె మీద తడిగుడ్డ పూర్తిగా కప్పి, గాలి యంత్రాన్ని ఆపాలి. లేకపోతే అది గదిలోని పొగనంతా పీల్చి నేరుగా నీళ్ళలోకే పంపుతుంది.