గ్లేజు సరే... కడిగేదెవరు?

రెండేళ్ళ కిందట దేవరకొండ దగ్గర మా ఊళ్ళో పాత ఇల్లు బాగుచేయిస్తూ ఒక కమోడ్ కొనాల్సొచ్చింది. "దీని గురించి కూడా రాయాలా బాబూ?" అని ముక్కు మూసుకుంటున్నారా? కాస్త ఓపిక పట్టండి. ల్యాప్‌టాప్ కొనేముందు నలభై రివ్యూలు చదివే మనం, రోజూ కూర్చునే ఈ వస్తువు గురించి ఒక్క ప్రశ్న కూడా అడగం. నేనూ అడగలేదు. అమ్మ అడిగింది.

హైదరాబాద్ షోరూంలో సేల్స్ కుర్రాడు నన్ను ఒక తెల్లటి కమోడ్ ముందు నిలబెట్టి, "నానో గ్లేజ్ సార్, మరక నిలవదు, కడగడం చాలా ఈజీ" అన్నాడు. మామూలు దానికంటే మూడు వేలు ఎక్కువ. అక్కణ్ణుంచే అమ్మకి ఫోన్ చేసి, కుర్రాడు చెప్పినదంతా ఒప్పజెప్పాను. అమ్మ మొత్తం విని, "కడుగుడు అల్కగుంటదంటున్నవ్, మంచిదే. గని కడిగేదెవరు బిడ్డా?" అంది.

అప్పుడు నవ్వేశాను. తర్వాత ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మూడు వేలు ఎందుకు ఎక్కువో తెలుసుకుందామని మొదలుపెట్టి, చాలా దూరం వెళ్ళి, చివరికి మా ఊరి రాళ్ళ దగ్గరికే వచ్చి పడ్డాను. అదీ ఈ కథ.

ముందు ఇంగ్లండుకి వెళ్దాం. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల తయారీదారు వంపు తిరిగిన గొట్టానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ వంపులో ఎప్పుడూ కొన్ని నీళ్ళు నిలబడి కింది వాసనను పైకి రానివ్వవు. దాన్నే ఇప్పుడు మనం వాటర్ సీల్ అంటున్నాం. వాసన సమస్య తీరింది గానీ శుభ్రం సమస్య తీరలేదు. ఆ కాలపు క్లోజెట్లలో లోహపు కవాటాలు, మీటలు ఉండేవి, వాటి చుట్టూ చెక్క పెట్టె. మురికి ఆ సందుల్లో చేరి కుళ్ళేది. 1883లో థామస్ ట్వైఫర్డ్ 'యూనిటాస్' అని ఒక మోడల్ తెచ్చాడు. చెక్క పెట్టె లేదు, కవాటం లేదు, అంతా ఒకే పింగాణీ ముక్క. ఇవాళ మన ఇళ్ళలో ఉన్న కమోడ్‌కి అది ముత్తాత. మన భాషలో చెప్పాలంటే, పార్టులు తగ్గించి బగ్గులు తగ్గించాడు.

ఆ పింగాణీ మీద ఉండే నున్నటి పూతే గ్లేజు. నిజానికి అది గాజే. చైనా మట్టి, బాల్ క్లే, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ మెత్తగా నూరి, నీళ్ళతో చిక్కటి పాలలా కలిపి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చుల్లో పోస్తారు. అచ్చు నీళ్ళు పీల్చుకుంటుంది, మట్టి గోడలా గట్టిపడుతుంది. బాగా ఆరాక దాని మీద గ్లేజు చల్లి, దాదాపు 1200 డిగ్రీల బట్టీలో కాలుస్తారు. ఆ వేడికి ఫెల్డ్‌స్పార్ కరిగి మిగతావాటిని అంటిస్తుంది, క్వార్ట్జ్ గాజుకి సరుకవుతుంది. తెల్లదనం కోసం జిర్కాన్ కలుపుతారు. మంచి పింగాణీ తన బరువులో 0.5 శాతానికి మించి నీళ్ళు పీల్చకూడదని మన ఐ.ఎస్. 2556 ప్రమాణం. పీల్చదు కాబట్టే వాసన పట్టదు.

మరి 'నానో' ఏమిటి? కంటికి నున్నగా కనిపించే మామూలు గ్లేజు మైక్రోస్కోపు కింద పెడితే గరుకుగా ఉంటుంది. జిర్కాన్ రేణువులు పైకి తేలి చిన్న చిన్న గుట్టల్లా నిలబడతాయి. మురికి, నీళ్ళలోని సున్నం పట్టుకునేది అక్కడే. జపాన్ టోటో కంపెనీ 1990ల చివర్లో ఆ గ్లేజు పైన ఇంకో పల్చటి, స్వచ్ఛమైన గాజు పొర వేసి గుట్టలు కనిపించకుండా చేసింది. తర్వాత అందరూ తమ తమ పేర్లతో అలాంటివి అమ్మడం మొదలుపెట్టారు. అంటే కుర్రాడు చెప్పిందాంట్లో నిజం ఉంది. మరక నిలవదన్నది అతిశయోక్తి, తొందరగా పట్టదు అంటే సరిపోయేది.

ఇక్కడే నాకు మా ఊరు గుర్తొచ్చింది. క్వార్ట్జ్ అంటే మరేదో కాదు, పలుగురాయి! చిన్నప్పుడు అమ్మమ్మ వాళ్ళ ఊరికి, కల్వకుర్తి వైపు, వెళ్ళినప్పుడు చీకట్లో రెండు పలుగురాళ్ళు రాపాడించి మెరుపులు చూసేవాళ్ళం. పాలమూరు, నల్లగొండ గ్రానైటు నేలల్లో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ తీగలు చాలాచోట్ల ఉన్నాయి, క్వారీలు పెట్టి తవ్వుతారు. గాజుకీ పింగాణీకీ పనికొచ్చే రాయి అది. అదే గ్రానైటు నల్లగొండ బోరునీళ్ళలోకి ఫ్లోరైడ్‌ని కూడా వదిలింది. పటికతో, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్ నీరీ సంస్థ తయారుచేస్తే, ప్రపంచమంతా దాన్ని 'నల్లగొండ టెక్నిక్' అని పిలిచింది. చూశారా, మా రాయి మా ఎముకల్ని వంచింది, ఊరు పేరుని ప్రపంచ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కించింది, పక్కనే గ్లేజుకి ముడిసరుకూ అయ్యింది.

అక్కడితో ఆగలేదు. ఇందాకటి ట్వైఫర్డ్స్ కంపెనీ సహకారంతో 1960లో మన దేశంలో హిందుస్థాన్ ట్వైఫర్డ్స్ పుట్టింది. ఆ తర్వాత అదే హిందుస్థాన్ శానిటరీవేర్, అంటే మనందరికీ తెలిసిన హింద్‌వేర్. మొదటి ఫ్యాక్టరీ హర్యానా బహదూర్‌గఢ్‌లో. రెండోది ఎక్కడో తెలుసా? బీబీనగర్ మండలం బ్రాహ్మణపల్లిలో! ఇప్పుడు ఎయిమ్స్ ఉన్న బీబీనగరే. 2016లో జిల్లాలు విడగొట్టాక యాదాద్రి భువనగిరిలోకి వెళ్ళింది గానీ, అంతకుముందు అదంతా మా నల్లగొండ జిల్లానే. ట్వైఫర్డ్ వంశవృక్షంలో ఒక కొమ్మ నల్లగొండ జిల్లాలో కాసిందన్నమాట.

సరే, జిల్లాలో పింగాణీ కాల్చే బట్టీ ఉంది. మరి జిల్లాలో ఊళ్ళ సంగతి?

మా ఊళ్ళో నా చిన్నప్పుడు మగవాళ్ళు చెంబు పట్టుకుని చెరువుకట్ట వైపు పోయేవాళ్ళు. ఆడవాళ్ళు తెల్లారకముందో, చీకటి పడ్డాకో. మధ్యలో వస్తే ఓర్చుకోవడమే. మా అమ్మమ్మ పొద్దుపోయాక నీళ్ళు తాగేది కాదు, ఎందుకో నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ అర్థం కాలేదు. ఇదేదో మా ఒక్క ఊరి గొడవ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గ్రామీణ కుటుంబాల్లో ఇంటి ఆవరణలో మరుగుదొడ్డి ఉన్నవి 30.7 శాతమే.

పట్నాల్లో, కలిగినవాళ్ళ ఇళ్ళలో పాయఖానా ఉండేది. ఆ మాటా, సండాసు అన్న మాటా మనకి ఉర్దూ నుంచే వచ్చాయి. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ని ముంచేశాక నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరద కట్టడితో పాటు నగరానికి డ్రైనేజీ పథకం కూడా ఆయన తయారుచేశారు. డ్రైనేజీ పైపు రాని చోట, చిన్న పట్నాల్లో, పొడి పాయఖానాలే. వాటిలో వాటర్ సీల్ లేదు, ఫ్లష్ లేదు. రోజూ ఒక మనిషి వెనక తలుపులోంచి వచ్చి, చేత్తో ఎత్తి, తట్టలో మోసుకుపోవాలి. ఆ మనిషి ఏ కులమో వేరే చెప్పక్కర్లేదు.

దీన్ని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. అలాంటి చట్టం చెయ్యమని తీర్మానం పంపిన ఆరు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. అందులో నాకు ఆసక్తిగా అనిపించింది పొడి పాయఖానాకి ఇచ్చిన నిర్వచనం: వాటర్ సీల్ లేనిదేదైనా పొడిదే. 1775 నాటి ఆ గొట్టపు వంపు రెండు వందల ఏళ్ళ తర్వాత మన చట్టంలో ఒక గీతయ్యింది. ఆ గీతకి ఇవతల మనిషి చెయ్యి పెట్టకూడదు. చట్టం కాగితం మీదే మిగిలిపోకుండా చూసింది మాత్రం సఫాయి కర్మచారి ఆందోళన్. కోలార్ బంగారు గనుల్లో తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఐ.ఏ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ లాంటివాళ్ళు కలిసి నడిపిన ఉద్యమం అది. వాళ్ళు వెతికి వెతికి పొడి పాయఖానాలు కూలగొట్టించారు, 2003లో సుప్రీం కోర్టుకి వెళ్ళారు. 2013లో ఇంకా గట్టి చట్టం, 2014 మార్చిలో తీర్పు వచ్చాయి. 2016లో విల్సన్‌కి మెగసెసే అవార్డు వచ్చింది. అయినా సెప్టిక్ ట్యాంకుల్లో, మ్యాన్‌హోళ్ళలో దిగి మనుషులు చనిపోతున్న వార్తలు మనం ఇంకా చదువుతూనే ఉన్నాం.

ఇప్పుడు మళ్ళీ మా ఇంటికి వస్తాను. నేను ఇంటర్లో ఉండగా పెరట్లో మొదటిసారి లెట్రిన్ కట్టించారు. పింగాణీ ఖరీదని మొజాయిక్ బేసిన్ పెట్టించారు. సిమెంటులో పాలరాతి ముక్కలు కలిపి పోత పోసి, అరగదీసి నునుపు చేసేదే మొజాయిక్. దానికి గ్లేజు ఉండదు. ఏడాదికే పసుపు మరకలు, మా బోరునీళ్ళకి తెల్ల చారలు. అమ్మ ప్రతి ఆదివారం యాసిడ్ పోసి చీపురుపుల్లలతో రుద్దేది. పాలరాయి, సిమెంటు రెండూ యాసిడ్‌కి కరుగుతాయి. కరిగినకొద్దీ గుంటలు, గుంటల్లో ఇంకా మురికి, మళ్ళీ ఇంకా యాసిడ్. ఇన్‌ఫినిట్ లూప్! ఆ పొగకి దగ్గుతూ బయటికొచ్చేది, చేతివేళ్ళు తెల్లగా పాలిపోయి ఉండేవి. నాయిన ఒక్కసారి కూడా ఆ చీపురు పట్టుకోలేదు. నేనూ పట్టుకోలేదు. 'యాసిడ్ ఎందుకు పోస్తావమ్మా, కెమిస్ట్రీలో చదువుకున్నాం, అది రాయిని తినేస్తుంది' అని సలహా మాత్రం ఇచ్చాను.

ఫోన్లో అమ్మ అడిగిన ప్రశ్నకి వెనక ఇదంతా ఉంది. పట్నంలో ఆ పని ఒక కులం మీద పడింది, ఇంట్లో ఆడవాళ్ళ మీద పడింది. మా ఆఫీసు రెస్ట్‌రూమ్ గంట గంటకీ తుడిచే అక్క అచ్చంపేట నుంచి వచ్చింది. నిజాం కాలం నుంచి 'పాలమూరు లేబర్' డ్యాములు కట్టింది, రోడ్లు వేసింది, ఇప్పుడు మన గాజు భవనాలు కూడా తుడుస్తోంది. గోడ మీద వేలాడే చీటీలో ఆమె గంటకోసారి సంతకం పెడుతుంది. ఆ పేరు మనలో ఎంతమంది చదివాం?

2014లో స్వచ్ఛ భారత్ మొదలయ్యాక మా ఊళ్ళో 12,000 రూపాయల సాయంతో దాదాపు ప్రతి ఇంటికీ దొడ్డి వచ్చింది. కొన్నింటిలో కట్టెలు, పాత సామాన్లు చేరాయి. 'అలవాటు మారలేదు' అని తేలిగ్గా అనేస్తాం. బిందెడు నీళ్ళకి కొట్లాడే ఇంట్లో, గరుకు బేసిన్ మీద రెండు బకెట్లు ఎవరు కుమ్మరిస్తారు, ఎవరు రుద్దుతారు అని ఆ ఇంటి కోడల్ని అడిగినవాళ్ళు తక్కువ. యూజర్‌ని అడక్కుండా సాఫ్ట్‌వేర్ రాస్తే ఏమవుతుందో మనకి తెలియనిదా!

చివరికి నేనేం కొన్నానో చెప్పి ముగిస్తా. అమ్మకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి వెస్టర్నే. నానో పొర వద్దనుకున్నా. దానికన్నా ముఖ్యమైనవి వేరే ఉన్నాయని తెలిసింది. మీరూ కొనేటప్పుడు చూసుకోండి. వేలు లోపలికి పోనిచ్చి వంపులో తడమండి. బయటికి కనిపించేంత మేర గ్లేజు వేసి లోపల గరుకుగా వదిలేసినవి ఉంటాయి, మురికి పట్టేది అక్కడే. పైన సన్నటి వెంట్రుకల్లాంటి పగుళ్ళు ఉంటే వద్దనండి. ట్యాంకులో నీళ్ళు లేనప్పుడు ఒక బకెట్ పోస్తే పోతుందా అని అడగండి. నీళ్ళు మరీ కరువైన ఇంట్లో రూరల్ పాన్ మంచిది, వాలు నిటారుగా ఉంటుంది కాబట్టి రెండు లీటర్లలోపే సరిపోతుంది. కడగడానికి మెత్తటి బ్రష్ చాలు, ఇసుకలాంటి పౌడర్లు, స్టీలు పీచు గ్లేజుని గీకేస్తాయి. సున్నపు చారలకి వెనిగర్ పోసి కాసేపు ఉంచితే చాలు. మిగిలిన డబ్బుతో కింద రెండు గుంతలు తవ్వించాం. ఒకటి నిండితే రెండోదానికి మళ్ళించి, మొదటిది ఏడాది రెండేళ్ళు మూసి ఉంచితే ఎరువవుతుంది. ఏ మనిషీ పచ్చి మురికిలోకి దిగక్కర్లేదు. పైన ఎంత మెరిసినా కింద ఎవరో దిగాల్సొస్తే ఆ మెరుపుకి అర్థం లేదు కదా.

బిగించిన రోజు సాయంత్రం అమ్మ వచ్చి కమోడ్‌ని చేత్తో తడిమి చూసి, "నున్నగనే ఉంది" అంది. పక్కనే కొత్త బ్రష్ ఉంది. దాన్ని తీసి నాయిన చేతిలో పెట్టింది. ఆయన నా వైపు చూశాడు.

నేను తలొంచుకుని, ఆదివారాలు వచ్చినప్పుడల్లా నేను కడుగుతానని ఒప్పుకున్నాను. మిగతా ఆరు రోజుల సంగతి వాళ్ళిద్దరూ ఇంకా తేల్చుకోలేదు.