అలంపురము: కదలిన దైవము, కదలిన శిల



తుంగభద్ర కృష్ణవేణిలో లీనమగుటకు ముందు, ఎడమ గట్టున అలంపురము కలదు. కర్నూలు నుండి హైదరాబాదు పోవు రహదారిపై అలంపురం చౌరస్తా యొద్ద తూర్పునకు మరలినచో ఈ చిన్న పట్టణము చేరవచ్చును. శ్రీశైలమునకు పశ్చిమద్వారముగా, అష్టాదశ శక్తిపీఠములలో ఐదవదిగా పెద్దలు దీనిని కీర్తించిరి. వచ్చు భక్తులలో అనేకులు అమ్మవారిని, బాలబ్రహ్మేశ్వరస్వామిని సేవించి, గంటలో వెనుదిరుగుదురు. కాని ఈ ఊరిలో దైవము ఒకసారి, శిలలు ఒకసారి స్థానము మారినవి. ఆ చరిత్ర ఎరిగి చేయు దర్శనము వేరు.

మొదట నవబ్రహ్మాలయములు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అను తొమ్మిది నామముల చివర బ్రహ్మ శబ్దము ఉన్నను, ఇవి శివాలయములే. చతుర్ముఖుడు ఇచట తపమాచరించి ఈశ్వరుని ప్రతిష్ఠించెనని స్థలపురాణము. చరిత్రను బట్టి ఇవి క్రీ.శ. 7, 8 శతాబ్దుల నాటి బాదామి చాళుక్యుల నిర్మాణములు. స్వర్గబ్రహ్మాలయము 681 నుండి 696 వరకు పాలించిన వినయాదిత్యుని కాలమునాటిదని అందలి శాసనము వలన తెలియుచున్నది. దక్షిణదేశమున సాధారణమైన అంతస్తుల విమానములకు బదులు, ఇచట పెక్కు గుడులపై ఉత్తరాది నాగరరీతి రేఖాశిఖరములు, వాటిపై ఉసిరికాయవంటి ఆమలకములు కనబడును. రెండు దేశముల శిల్పరీతులు ఈ నదీతీరమున కలిసికొన్నవి.

జోగులాంబా దేవి ఆలయము క్రీ.శ. 1390 ప్రాంతమున బహమనీ సైన్యముల దాడిలో ధ్వంసమైనదని స్థలచరిత్ర చెప్పుచున్నది. మూలమూర్తిని చండీ ముండీ విగ్రహములతో సహా కాపాడి బాలబ్రహ్మాలయమునకు చేర్చిరి. గుడి పోయినది, అర్చన పోలేదు. ఆరు శతాబ్దులకు పైగా జగన్మాత మరియొక దేవాలయమున ఒక మూల నెలకొని పూజలందుకొనెను. 2005లో నూతనాలయము సిద్ధమై, తల్లి స్వస్థానమునకు చేరెను.

ఆగమములు జీర్ణోద్ధారమునకు స్పష్టమైన విధి చెప్పినవి. గర్భగృహమును బాగుచేయవలసి వచ్చినపుడు మూలమూర్తి యందలి దివ్యకళను మంత్రపూర్వకముగా కలశమునకు ఆకర్షింతురు. ప్రక్కనే తాత్కాలికముగా బాలాలయము కట్టి, అచట ఆరాధన సాగింతురు. పని ముగిసిన పిమ్మట ఆ కళను తిరిగి మూలస్థానమునకు చేర్చి కుంభాభిషేకము చేయుదురు. ఆలయము నిలిచిపోవచ్చును గాని ఆరాధన నిలిచిపోరాదు అనునది ఈ విధి యొక్క ప్రాణము. జోగులాంబ విషయమున శాస్త్రోక్తముగా బాలాలయము కట్టు అవకాశము ఎవరికిని లేకపోయెను. అయినను బాలబ్రహ్మేశ్వరుని సన్నిధియే ఆ తల్లికి ఆరు వందల యేండ్ల బాలాలయమైనది. 

రెండవ కదలిక శత్రువు వలన కాదు, నీటి వలన కలిగినది. కృష్ణానదిపై శ్రీశైలము ఆనకట్ట నిర్మాణము 1960లో మొదలై 1981 నాటికి పూర్తియైనది. జలాశయము క్రింద పల్లెలు, పొలములు, ప్రాచీనాలయములు మునిగిపోవలసి వచ్చినది. కృష్ణా తుంగభద్రల కూడలియైన కూడవెల్లిలోని సంగమేశ్వరాలయమును పురావస్తు శాఖవారు రాయి రాయిగా విప్పి, తెచ్చి, అలంపురము చెంత మరల నిలిపిరి. సమీపమున నదీతీరమందున్న పాపనాశనము ఆలయసముదాయమును సైతము ఇట్లే తరలించిరి. నవబ్రహ్మాలయములను మాత్రము కదపక, నీరు రాకుండ కట్ట కట్టి రక్షించిరి. అందువలన నేడు నదిని చూడదలచినవారు ఆ కట్ట ఎక్కవలసి యున్నది.

సంగమేశ్వరుని గుడి నేడు సంగమమున లేదు. నామము మాత్రము సంగమమును తలపించుచున్నది. ఇదే జలాశయమున మునిగిన మరియొక సంగమేశ్వరాలయము దీనికి భిన్నముగా స్వస్థానముననే నిలిచినది. అది దిగువన, సప్తనదీ సంగమ క్షేత్రము. అచటి వేపదారు లింగము ఏటా అనేక మాసములు నీటి అడుగున ఉండును. వేసవిలో నీరు తగ్గగానే అర్చకులు చేరి, బురద కడిగి, పూజ ఆరంభింతురు. ఒకచోట దైవము ఇల్లు మారినది, ఒకచోట ఇల్లే ఊరు మారినది, ఒకచోట ఇల్లు మునిగినను దైవము కదలలేదు. ఈ మూడింటిలో ఏది క్షేత్రము?

భగవద్గీత 13వ అధ్యాయమున శరీరమునకే క్షేత్రమని పేరు. దానిని ఎరిగినవాడు క్షేత్రజ్ఞుడు. ఎరుక లేని శరీరము జడము. ఆలయమునకును ఇదియే న్యాయము. శిల క్షేత్రమునకు శరీరము, ఆరాధన దానికి ప్రాణము, ఎరిగి కొలుచు భక్తుడు దానికి సాక్షి. జోగులాంబ శరీరమును కోల్పోయియు ప్రాణమును నిలుపుకొనెను. తారకబ్రహ్మాలయమున శరీరము నిలిచినది గాని గర్భగృహము శూన్యము. రెండింటి నడుమ కొన్ని అడుగులే దూరము. ప్రాకారములు, శిఖరములు ఎంత దృఢములైనను అవి మాత్రమే క్షేత్రమును నిలుపలేవని ఈ కొన్ని అడుగులే బోధించుచున్నవి.

కనుక అలంపురము పోవు భక్తులు ముందుగా ఊరి చెంతనున్న సంగమేశ్వరుని దర్శించుట మంచిది. ఆ శిలలు తమ నదిని విడిచి వచ్చినవని తలచి ఒక్క నిమిషము నిలువవలెను. పిమ్మట అమ్మవారిని, బాలబ్రహ్మేశ్వరుని సేవించి, తక్కిన ఎనిమిది ఆలయములకును తప్పక పోవలెను. అచట తీర్థము, శఠారి లభింపకపోవచ్చును. చెప్పులు విడిచి, మాట తగ్గించి, గర్భగృహము ముందు ఒక్క నమస్కారము చేయుటకు ఏ అడ్డంకియు లేదు. పదమూడు వందల యేండ్లుగా నిలిచిన ఆ ద్వారముల యొద్ద ఒక భక్తుడు తలవంచినంతసేపు అవి మరల ఆలయములే.

స్వస్తి.