పిడికెడు పత్తి, మూడు గంటల పరీక్ష

గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు పుట్టింది హడగలిలో అని చదివి, పాత పటం తీసి చూశాను. 1920లో అది బళ్ళారి జిల్లా. మన ఆదోని, ఎమ్మిగనూరు కూడా అప్పుడు ఆ జిల్లాలోనివే. 1953లో కర్నూలుకు వచ్చాయి. అంటే, మార్కుల్ని బట్టి పిల్లవాడి అసలు సత్తాను ఎంతవరకు పట్టుకోవచ్చో హద్దు గీసిన మనిషి మన పాత జిల్లావాడే! ఇంట్లో ఎనిమిదో సంతానం, అందుకే రాధాకృష్ణ అని కృష్ణుడి పేరు పెట్టారట.

మార్కు వేరు, సత్తా వేరన్న అనుమానం పాతదే. 1888లోనే ఇంగ్లండులో ఎడ్జ్‌వర్త్ పరీక్షల్లో అదృష్టం పాలెంతో లెక్కగట్టాడు. తర్వాత అమెరికాలో కెల్లీ ఒక సూత్రం చెప్పాడు: పరీక్ష విశ్వసనీయత 0.8, తరగతి సగటు 50 అయితే, 80 వచ్చినవాడి అసలు మార్కు 74 అనుకోవాలి. ఎమ్మిగనూరులో ఏ తండ్రితోనైనా ఈ మాట అని చూడండి!

నాకు ఇష్టమైన ఘట్టం 1944 నాటిది. కలకత్తా విశ్వవిద్యాలయంలో ఇరవై నాలుగేళ్ళ రావు పాఠం చెబుతున్నాడు. అంచనాలో చెదురుకు ఒక కింది హద్దు ఉంటుందని పెద్ద శాంపిళ్ళకు గణాంకవేత్త ఫిషర్ చెప్పింది చిన్నవాటికీ నిలుస్తుందా అని దండేకర్ అనే విద్యార్థి అడిగాడు. రావు ఇంటికెళ్ళి రాత్రంతా కూర్చుని, మర్నాడు నిరూపణతో వచ్చాడు. ఎంత తెలివైన సూత్రం వాడినా, నిష్పాక్షిక అంచనాలో చెదురు ఒక మట్టానికి కిందికి దిగదు. ఆ మట్టం చేతిలోని సమాచారాన్ని బట్టి ఉంటుంది. 1945లో అచ్చయింది. మరుసటి ఏడాది స్వీడన్‌వాడు క్రామర్ విడిగా అదే రాశాడు. లోకం మాత్రం ‘క్రామర్-రావు’ అంటుంది. ముందు రాసినవాడు వెనకపడడం నాకిప్పటికీ మింగుడుపడదు. ఇప్పటి కోచింగ్ హాల్లో దండేకర్ లేస్తే, అది సిలబస్‌లో లేదు, కూర్చోమంటారు.

1960లో డెన్మార్క్‌లో రాష్ ప్రశ్నల బరువునూ పిల్లల సత్తానూ ఒకే కొలబద్ద మీద పెట్టాడు. ఆ లెక్కలో, పిల్లవాడు చేసే అవకాశం సగానికి సగం ఉన్న ప్రశ్న 0.25 పాళ్ళ సమాచారమిస్తే, నూటికి తొంభై పాళ్ళు చేసేసేది 0.09 మాత్రమే ఇస్తుంది. తేలిక ప్రశ్నలు వంద కుమ్మరించినా, సరైన బరువున్న వంద ప్రశ్నలు దించినంతగా రావు గీసిన మట్టం దిగదు. అయినా మార్కుల కాగితం మీద ‘అటూ ఇటూ ఇంత’ అని అచ్చువేసిన బోర్డును నేను చూడలేదు.

మొన్న ఆదోని మార్కెట్ యార్డులో ఒక వ్యాపారి సంచి పైనుంచి పిడికెడు పత్తి లాగి, బొటనవేళ్ళ మధ్య పింజ సాగదీసి, ధర చెప్పేశాడు. రైతు కదల్లేదు.

“అడుగున ఉండేది గూడా తీసి సూడప్పా.”