అడయారు తీరసౌధము: సభలు, తెలుగు నుడి

చెన్నపట్టణమున అడయారు నది సముద్రమున కలియుచోట, దక్షిణపు గట్టున, ఒక ప్రాచీన సౌధము కలదు. పూర్వము దానిని హడిల్‌స్టన్ తోట యనుచుండిరి. 1882 నుండి అది దివ్యజ్ఞాన సమాజమునకు ప్రధానస్థానము. నూరేండ్లకు పైబడి ఆ తోటలో జరిగిన సభలతో తెలుగువారికి గల సంబంధము, తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబములవారు తెలిసికొనదగినది. అందు గర్వింపదగినదియు కలదు, హెచ్చరికయు కలదు.

ఈ సౌధమును కొనుటకు ముందటి కథ తెలుగునాటితో ముడివడియున్నది. సమాజ స్థాపకులగు ఆల్కాట్ దొరయు, బ్లావట్స్కీ దొరసానియు 1882 మే నెలలో బకింగ్‌హాం కాలువపై పడవలో నెల్లూరికి పోయి, అటనుండి గుంటూరు వరకు పర్యటించిరి. మదరాసునకు మరలివచ్చిన పిమ్మట మే 31వ తేదీన ఈ తోటను చూచి, చూచినంతనే మెచ్చిరి. నీలగిరుల పాదమువరకు రైలుమార్గము పడుటచే అధికారులు ఉదకమండలమునకు పోవుట సులభమై, పట్టణమునందలి పెద్ద తోటబంగళాల వెలలు పడిపోయియుండెను. అందుచే 27 ఎకరముల తోటయు భవనమును సుమారు 9,000 రూపాయలకే లభించెను. ఆ ధనము సమకూర్చుటలో ముత్తుస్వామి చెట్టి, అయ్యలు నాయుడు తోడ్పడిరి. స్థాపకులు డిసెంబరులో వచ్చి ఇందు నివసించిరి.

1883 డిసెంబరున వార్షికసభ ఇచట జరిగెను. 1886 డిసెంబరు 28న గ్రంథాలయము తెరవబడినప్పుడు హిందూ, బౌద్ధ, పారశీక, మహమ్మదీయ మతముల పెద్దలు ఆశీర్వచనములు పలికిరి. కాలక్రమమున తోట విస్తరించెను. అందలి మహావటవృక్షపు నీడయే సభామండప మయ్యెను. ఆ వృక్షపు మూలకాండము 1989లో గాలివానకు కూలినను, ఊడలపై చెట్టు నిలిచియున్నది.

1909 జనవరిలో, రెవెన్యూ శాఖనుండి విరమించిన జిడ్డు నారాయణయ్య తన కుమారులతో అడయారు చేరెను. వారిలో కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో జన్మించినవాడు. ఇంట తెలుగే మాట్లాడుకొనుచుండిరి. ఆ బాలునియందు అసాధారణ తేజస్సు కలదని లెడ్‌బీటరు చాటెను. అనిబిసెంటుతో సంభాషింపగలుగుటకై కృష్ణమూర్తియు, తమ్ముడు నిత్యానందుడును ఇంగ్లీషుననే మాట్లాడవలెనని నియమము ఏర్పడెను. 1911లో సోదరులిరువురు ఇంగ్లండు చేరిరి. క్రమముగా వారు తెలుగు మరచిరి. వేరొక భారతీయభాషయు వారికి నేర్పబడలేదు. 1925 డిసెంబరున సమాజ స్వర్ణోత్సవములలో మఱ్ఱిచెట్టు క్రింద కృష్ణమూర్తి ప్రసంగించినప్పుడు, వేలకొలది జనులు విన్న భాష ఇంగ్లీషే. ఆయన లోకవిఖ్యాతుడైన వక్త. ఐనను పుట్టింటి నుడిలో పలుకజాలకపోయెను. ఇది ఆయన దోషము గాదు. నేర్చిన భాషను నిత్యము పలుకనీయని చదువు చేసిన పని యది.

అదే తోటలో మరియొక దారియు కానవచ్చుచున్నది. 1935 డిసెంబరు వజ్రోత్సవ సభలలో రుక్మిణీదేవి భరతనాట్యము ప్రదర్శించెను. 1936 జనవరిలో కళాక్షేత్రము వెలసెను. తరువాత అది తిరువాన్మియూరునకు తరలెను. అచట మైలాపూరు గౌరి అమ్మాళ్ పదములను, అభినయమును నేర్పెను. క్షేత్రయ్య పదములు తెలుగువి. మాట యర్థము తెలియనిదే కన్ను కదలదు, చేయి పలుకదు. తెలుగునను సంస్కృతమునను కృతులు రచించిన మైసూరు వాసుదేవాచార్యులు అచట బోధించిరి. తంజావూరు సీమయందలి మెలట్టూరు వేంకటరామశాస్త్రి తెలుగున రచించిన ఉషాపరిణయము, రుక్మాంగద చరిత్రము అను భాగవతమేళ నాటకములను రుక్మిణీదేవి రంగమునకెక్కించెను. తెలుగు మాతృభాష గాని విద్యార్థులు సైతము తెలుగు మాటలను పెదవులపై నిలుపుకొనిరి.

ఒకే తోటలో తెలుగింటి పిల్లవాడు తెలుగును కోల్పోయెను. ఇతర భాషల పిల్లలు తెలుగు పదమును సాధించిరి. భేదము పుట్టుకలో లేదు, అభ్యాసములో కలదు. ఎంత ఘనమైన సౌధమైనను, ఎంత గొప్ప సభయైనను భాషను తనంత తాను కాపాడజాలదు.

2006 నాటి చట్టముచే తమిళనాటి పాఠశాలలలో తమిళము క్రమముగా తప్పనిసరి పాఠ్యభాష యైనది. నివసించు నాటి భాష నేర్చుట మేలే. కాని తెలుగు నేర్పు భారము ఇంటిపైనను, సంఘములపైనను హెచ్చినది. ఉగాది సభకు పిల్లలను తోడ్కొనివచ్చుట యొకటి. అచట చదివిన పద్యమునకు అర్థము వారికి తెలియుట మరియొకటి. సభ ఏడాదికొకనాటిది, పాఠము ప్రతిదినముది. వారమునకు రెండు గంటలైనను సంఘభవనమున తెలుగు చదివించు సంఘమే, ఏటేట జరుపు ఉత్సవమునకు రేపటి శ్రోతలను సిద్ధపరచుకొనును.