నగరములు, నగరపుత్రులు

వార్తాపత్రికలలో ఒక రాష్ట్రము పేరు సాధారణముగా రెండు విధముల కానవచ్చును: దాని పట్టణముల మూలమున, అచట జన్మించిన ప్రముఖుల మూలమున. ఝార్ఖండ్ అనగానే రాంచీ, జంషెడ్‌పూరు స్ఫురించును. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలలో భారత హాకీ జట్టునకు నాయకత్వము వహించిన జైపాల్ సింగ్, 2011లో ప్రపంచ క్రికెట్ కప్పు గెలిచిన జట్టు నాయకుడు మహేంద్ర సింగ్ ధోనీ స్ఫురింతురు.

అయిన "ఈ ఊరి బిడ్డ" యను మాటకు అర్థమేమి? ఇచటి తెలుగువారికి ఇది కేవల తర్కము కాదు. "మీది ఏ ఊరు?" అని యెవరైన నడిగినచో, ఇచట పుట్టి పెరిగిన మన పిల్లలు తాతగారి ఊరు చెప్పవలెనో, తమ ఊరు చెప్పవలెనో తెలియక తడబడుదురు.

ఈ నగర చరిత్రనే అడిగి చూతము. సువర్ణరేఖా, ఖర్కాయీ నదుల సంగమము చెంత సాక్చీ యను చిన్న గ్రామముండెను. 1904లో భూగర్భశాస్త్రజ్ఞుడు ప్రమథనాథ బోసు మయూర్‌భంజ్ ఇనుప ఖనిజమును గూర్చి టాటాలకు లేఖ వ్రాసెను. 1907లో ఉక్కు కంపెనీ స్థాపితమయ్యెను. 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు దిమ్మె వెలువడెను. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డు ప్రభువు సాక్చీకి జంషెడ్‌పూరని నామకరణము చేసెను. కాళీమాటి స్టేషను టాటానగరయ్యెను.

విచిత్రమేమనగా, ఊరికి పేరిచ్చిన జంషెడ్జీ టాటా నవసారిలో జన్మించి, 1904లోనే జర్మనీలో కన్నుమూసెను. ఈ నగరమును ఆయన చూడనేలేదు. తరతరములుగా ఈ నేలను నమ్ముకొనిన ఆదివాసులే నిజమైన స్థానికులు. వారి పేర్లు పత్రికల కెక్కుట అరుదు.

రాష్ట్రమన్నను స్థిరమా? ఈ ఊరు 1912 వరకు బెంగాలులో, పిమ్మట బీహారు-ఒరిస్సాలో, 1936 నుండి బీహారులో నుండి, 2000 నవంబరు 15న ఝార్ఖండ్‌లో చేరినది. ఊరు కదలలేదు, దాని చుట్టు సరిహద్దులే కదలినవి. మన వరాహగిరి వేంకటగిరిగారి కథయు నిట్టిదే. ఆయన 1894లో బరంపురమున జన్మించునాటి కది మద్రాసు రాజధానిలోనిది. 1936లో ఒరిస్సాలో చేరినది. టాటానగర్ మీదుగా సాగు బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు నాయకుడైన ఆ తెలుగు బిడ్డ 1969లో రాష్ట్రపతి యయ్యెను. ఆయనను ఏ రాష్ట్రపు పుత్రుడందుము?

మరియొక ఉదాహరణము మనకు మరింత సన్నిహితమైనది. 1946లో రాజగోపాలాచారిగారు శంకుస్థాపన చేయగా, 1950 నవంబరు 26న నెహ్రూగారు ప్రారంభించిన జాతీయ లోహ పరిశోధనశాల ఈ నగరమునకు కేంద్ర ప్రభుత్వ మొసగిన కానుక. కృష్ణా జిల్లా కవుతరమున 1942లో జన్మించిన పాచా రామచంద్రరావుగారు 1992 నుండి 2002 వరకు దానికి డైరెక్టరుగా నుండిరి. అంతకుముందు కాశీ హిందూ విశ్వవిద్యాలయమున, పరమాణువులు క్రమముగ నుండియు ఒకే అమరిక మరల మరల రాని క్వాసీక్రిస్టల్ లోహములను గూర్చి 1985లో జి.వి.ఎస్. శాస్త్రిగారితో కలిసి పరిశోధన సాగించిరి. పిదప ఆ విశ్వవిద్యాలయమునకే ఉపాధ్యక్షులైరి. 2010లో పరమపదించిరి. కవుతరము వారిని కన్నది, కాశీ తీర్చిదిద్దినది, జంషెడ్‌పూరు పదియేండ్ల సేవ నందుకొన్నది. ఈ మూడింటిలో ఏది వారిని "మావాడు" అనరాదు?

కావున పుట్టుక యొక బంధము, పని యొక బంధము. ఒకటి రెండవదానిని త్రుంచదు. కొలిమి వేడిమిలో బ్రతుకు కరగించి ఏ పత్రికకు నెక్కని కార్మికుడును ఈ నగరపుత్రుడే. ఇకమీదట మన పిల్లల నెవరైన ఆ ప్రశ్న వేసినచో, తడబడక రెండు ఊళ్ల పేర్లును చెప్పుదురుగాక! రెండును నిజమే.