చీటీ మిగిలింది, ఫోటో పోయింది

"పాత ఉగాది ఫోటోలు ఏమయ్యాయండీ?" అని అడుగుతున్నవాళ్లందరికీ ఈ పోస్టు. కాస్త పొడవే, ఓపిక పట్టండి.

మన సంఘం గదిలో ఉన్నది లినక్స్ కంప్యూటర్. అందులో రెండు డిస్కులు. అందరూ చూసే షేర్ ఫోల్డర్ మొదటి డిస్కులో ఉంది. అందులో చోటు చాలక ఫోటోలు రెండో డిస్కులో పెట్టి, ఇటు సింబాలిక్ లింకులు ఇచ్చాం. లింకు అంటే ఫోటో కాదు, ఫోటో ఎక్కడుందో రాసిన చీటీ. మొన్న రెండో డిస్కు పాడైంది. బ్యాకప్ ఉందిలే అనుకున్నాం. తెరిచి చూస్తే అన్నీ చీటీలే!

రాయగడ వాళ్లకి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. తాతగారి కాగితంలో "జిల్లా కచేరీలో విచారించండి" అని ఉందనుకోండి. 1936 ఏప్రిల్ 1కి ముందు మనది మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లా. ఆ రోజు నుంచి ఒరిస్సాలో కోరాపుట్ జిల్లా. 1992 అక్టోబరు 2 నుంచి రాయగడే జిల్లా. చీటీ ఒకటే, కచేరీలు మూడు. ఎవరు, ఎక్కడ నిలబడి చదువుతున్నారన్నదే తేడా.

కంప్యూటర్లలోనూ అదే గొడవ. ఈ లింకులు యూనిక్స్‌లో బాగా వ్యాపించింది 1983లో, బర్క్‌లీ వాళ్ల 4.2 బీఎస్‌డీతో. తర్వాత సన్ కంపెనీ ఎన్‌ఎఫ్‌ఎస్ తెచ్చింది. అందులో సర్వర్ చీటీని ఉన్నదున్నట్టు చేతికిస్తుంది, చదువుకునే పని మన కంప్యూటర్‌దే. ఆ దారి మన దగ్గర లేకపోతే అంతే సంగతులు. ఐబీఎంలో పుట్టిన ఎస్‌ఎంబీ దారి వేరు. అది డాస్ కాలంది, డాస్‌కి ఈ లింకులే తెలియవు. 1991 చివర్లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన సాంబా ఆ ఎస్‌ఎంబీనే యూనిక్స్ మీద నడిపింది. అక్కడ మామూలుగా చీటీని సర్వరే చదివి, అసలు ఫైలునే అందిస్తుంది. విండోస్ లాప్‌టాప్‌కి మధ్యలో చీటీ ఉన్న సంగతే తెలియదు.

ఇందులో ప్రమాదమూ ఉంది. షేర్‌లో రాసే హక్కున్నవాడు సర్వర్‌లోని వేరే చోటికి చీటీ రాసి, దాని ద్వారా లోపలికి తొంగిచూడొచ్చని 2010లో బయటపడింది. అప్పటి నుంచి షేర్ దాటి బయటికి పోయే లింకుల్ని సాంబా మామూలుగా అనుమతించదు. మనం ఆ సెట్టింగు మార్చి తెరిచిపెట్టుకున్నాం, అది మా తప్పే. విండోస్‌కి సొంతంగా ఇలాంటి లింకులు విస్టాతో వచ్చాయి. అక్కడ చదివేది మళ్లీ మన కంప్యూటరే. అందుకే సర్వర్ నుంచి వచ్చిన చీటీ మన సొంత డిస్కు వైపు చూపిస్తే విండోస్ మామూలుగా ఒప్పుకోదు.

ఇక మన కథ. నెలనెలా జాగ్రత్తగా, కమాండు రాసి మరీ తీసిన బ్యాకప్ లినక్స్‌లోనే తీశాం. లింకుని లింకుగానే కాపీ చెయ్యమని దానికి చెప్పాం, అది చెప్పినట్టే చేసింది. ఒక సభ్యుడు మాత్రం ఎప్పుడో విండోస్ లాప్‌టాప్ నుంచి, నెట్‌వర్క్ మీదుగా, ఫోల్డర్ని పెన్‌డ్రైవ్‌లోకి లాగి పడేశాడు. అతనికి సాంబా అసలు ఫోటోలే ఇచ్చింది. ఇప్పుడు మనకి మిగిలినవి అవే. అప్పట్లో "ఇదేం పద్ధతి" అని ఆయన్ని మేమే మందలించాం కూడా.

కొన్నేళ్ల ఫోటోలు ఇంకా దొరకలేదు. మీ పాత లాప్‌టాప్‌లు, పెన్‌డ్రైవ్‌లు ఒకసారి వెతకండి. తెచ్చే ముందు ఒక్క ఫోటో తెరిచి చూడండి.