బ్లాటెన్ అనే ఊరు

స్విట్జర్లాండులో వాలే రాష్ట్రం ఉంది. అక్కడి లోచెన్‌టాల్ లోయలో, 1,540 మీటర్ల ఎత్తున, లోంజా నది ఒడ్డున బ్లాటెన్ అనే చిన్న ఊరుండేది. చెక్క ఇళ్ళు, పశువులు, పచ్చిక. 1913లో లోచ్‌బెర్గ్ రైలు సొరంగం తెరిచేదాకా ఆ లోయకు బయటి ప్రపంచంతో రాకపోకలు బహు తక్కువ.

2025 మేలో కొండశిఖరం విరిగి, బండలన్నీ బిర్చ్ హిమానీనదం మీద పడసాగాయి. నిపుణులు ముందే కనిపెట్టారు. 19వ తేదీకల్లా సుమారు 300 మందినీ, పశువులనూ ఊరు దాటించారు. చేతికందినవి సర్దుకుని ఇంటికి తాళం వేస్తుంటే ఆ ఇల్లాళ్ళ మనసు ఎలా ఉండి ఉంటుందో చెప్పండి!

28న ఆ బరువుకు హిమానీనదం కూలింది. ఊరు 90 శాతం పూడిపోయింది, తక్కినది నీట మునిగింది. ప్రాణం పోయింది మాత్రం ఒక్కరికే. తక్కినవారు బతికున్నారు గనుకే మళ్ళీ ఊరు కట్టుకుంటామంటున్నారు. హెచ్చరిక వచ్చినప్పుడు గడప దాటడమే మేలు కదమ్మా!